ఊరి సెంటరుకు ప్రాణం పోయడం: గేమ్‌లో లోకం తనంతట తాను బతికేలా ఎలా చేయాలి

గేమ్‌లో కట్టిన ఊరు చచ్చినట్టుందనిపిస్తే చాలామంది వెంటనే చేసే పని ఇంకో పది ఇళ్ళు పెట్టడం. దాంతో ఆటగాడు నడవాల్సిన దూరం పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఊరు బతికున్నట్టు అనిపించాలంటే అందులోని మనుషులు, వస్తువులు, వేళ, వాతావరణం ఒకదాన్నొకటి పట్టించుకోవాలి. ఆటగాడు అక్కడ ఉన్నా లేకపోయినా పట్టించుకోవాలి. ఇందుకు పెద్ద మెషిన్లేమీ అక్కర్లేదు. 1988లో వచ్చిన అల్టిమా 5 అనే కంప్యూటర్ గేమ్‌లోనే ఊళ్ళోవాళ్ళు గంటను బట్టి పనికీ, తిండికీ, పడకకూ కదిలేవారు.

ఇక్కడ మనం కట్టబోయేది ఒక చిన్న తెలుగు ఊరి సెంటరు: రావిచెట్టు, దాని చుట్టూ అరుగు, టీ కొట్టు, కిరాణా, రెండు ఇళ్ళు, బస్సు ఆగే చోటు. సెట్టింగుల పేర్లు, అంకెలు గొడాట్ 4 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌వి. ఇది ఉచితం. యూనిటీ, అన్‌రియల్ వాడేవాళ్ళకు పేర్లు మారతాయి కానీ పని అదే.

ముందు హద్దు గీయండి

60 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. అంతకు మించి వద్దు. మామూలు నడక సెకనుకు 1.4 మీటర్లు, అంటే ఈ చోటును దాటడానికి ముప్పావు నిమిషం దాకా పడుతుంది. ఆటగాడి పాత్ర సెకనుకు 4 మీటర్లు పరిగెత్తితే 15 సెకన్లు చాలు. తక్కువనిపిస్తుంది కానీ కింద చెప్పే పనులన్నీ ఈ కాస్త చోటులో పూర్తయ్యేసరికి వారాలు గడుస్తాయి.

ఊరంతటికీ ఒకటే గడియారం

ఆటోలోడ్‌గా (ఆట మొదలవగానే తనంతట తాను లోడై, ఆటంతటికీ అందుబాటులో ఉండేలా) ఒక స్క్రిప్టు పెట్టి, అందులో 0 నుంచి 1439 దాకా నడిచే ‘నిమిషం’ అనే విలువ ఉంచండి. వేగం ఎంతుండాలన్నది నడకను బట్టి తేల్చుకోవాలి. ఆట రోజు 24 అసలు నిమిషాల్లో తిరిగిపోతే, 40 మీటర్లు నడిచిన మనిషికి ఆటలో దాదాపు అరగంట గడిచిపోతుంది. పక్క కొట్టుకు వెళ్ళొచ్చేసరికి గంట! రోజును 48 నిమిషాలు చేస్తే అదే నడకకు 14 నిమిషాలు పడుతుంది, అది నమ్మేలా ఉంటుంది. అంటే రెండు సెకన్లకు ఒక ఆట నిమిషం.

ఒక్కో మనిషికీ విడివిడిగా టైమర్ పెట్టకండి. రెండు రోజులు తిరిగేసరికి ఎవరి గడియారం వాళ్ళదవుతుంది. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆటగాడు మంచమెక్కి పొద్దున్నదాకా నిద్రపోయినప్పుడు మధ్యలో మోగాల్సిన టైమర్లన్నీ మోగకుండా పోతాయి. టీ కొట్టు మనిషి రాత్రి తొమ్మిదింటి భంగిమలోనే తెల్లారి నిలబడి ఉంటాడు. అందుకే ప్రతి మనిషిలోనూ ‘ఈ వేళకు నువ్వు ఎక్కడుండాలి, ఏం చేస్తుండాలి’ అని అడిగితే జవాబు చెప్పే ఫంక్షన్ ఒకటి ఉండాలి. సేవ్ చేసిన ఆట తెరిచినా, నిద్ర లేచినా ఆ ప్రశ్న అడిగి, మనిషిని నేరుగా ఆ చోట నిలబెట్టేయండి.

ఎండ, నీడ

1440 నిమిషాలకు 360 డిగ్రీలు కాబట్టి నాలుగు ఆట నిమిషాలకు ఒక డిగ్రీ. నిమిషంలోంచి 360 తీసేసి 4తో భాగిస్తే సూర్యుడి కోణం వస్తుంది: ఆరింటికి సున్నా, మధ్యాహ్నం 90, సాయంత్రం ఆరింటికి 180. సూర్యుణ్ణి ప్రతి ఫ్రేమ్‌కూ జరిపితే నీడల అంచులు సన్నగా వణుకుతుంటాయి. ఆట నిమిషానికి ఒకసారి జరిపితే ఆ వణుకు తగ్గుతుంది. పొద్దునా సాయంత్రమూ ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రం ఈ అడుగును పదో వంతుకు తగ్గించండి, లేకపోతే స్తంభం నీడ కొస ఉన్నట్టుండి జానెడు గెంతుతుంది. నీడలు కనిపించే గరిష్ఠ దూరం మొదట 100 మీటర్లు ఉంటుంది. మన చోటుకు 60 చాలు, నీడ కూడా పదునెక్కుతుంది.

తెలుగు నేల మీద మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు, వేసవిలో నీడ కాళ్ళ కిందే పడి ఉంటుంది. చలి దేశాల వాళ్ళు చేసిన లైటింగ్ ప్రీసెట్లలో సాయంత్రపు బంగారు వెలుగు గంటల తరబడి సాగుతుంది. అది తెచ్చి పెట్టుకుంటే ఊరు మనది కాకుండా పోతుంది. ఇక్కడ పొద్దు గూకాక అరగంటలోపే చీకటి పడాలి. ఆకాశం రంగులకు ఒక గ్రేడియంట్ చేసుకుని అయిదారు చోట్ల రంగు మార్చితే సరిపోతుంది. రాత్రిని పూర్తి నలుపు చేయకండి, నీలం కలిసిన మసక వెలుగు కొంచెం మిగలాలి.

రాత్రి దీపాలన్నీ ఒకే రంగులో ఉండకూడదు. కిరాణాలో ట్యూబ్‌లైట్ తెల్లగా, కాస్త నీలంగా ఉంటుంది. పాత సోడియం వీధి దీపం నారింజ రంగు (ఎరుపు 255, ఆకుపచ్చ 160, నీలం 70 దగ్గర). టీ కొట్టు బల్బు పసుపు. ఈ మూడూ నేల మీద ఒకదానిలో ఒకటి కలిసే చోటే రాత్రిపూట సెంటరుకు అందం.

చప్పుళ్ళు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ప్రాణం పోసేది సగం కంటే ఎక్కువ చెవే. మూడు పొరలుగా కట్టండి.

అడుగు పొర ఊరి హోరు. స్టీరియోలో, ఆగకుండా నడిచే లూప్. ఇందులో విడిగా గుర్తుపట్టగలిగే శబ్దం ఒక్కటీ ఉండకూడదు. ఒక్క కుక్క మొరిగినా మూడోసారికి చెవి పట్టేస్తుంది, ఆ తర్వాత ఆటగాడికి ఇంకేమీ వినిపించదు. ఒక లూప్‌కు బదులు రెండు వాడండి: ఒకటి 97 సెకన్లు, ఇంకొకటి 131 సెకన్లు. రెండూ మళ్ళీ ఒకేసారి మొదటికి రావడానికి 12,707 సెకన్లు, అంటే మూడున్నర గంటలు పడుతుంది. ఫైళ్ళు ఓగ్ లేదా వేవ్‌లో ఉంచండి. ఎంపీ3 ఫైలుకు చివర్లలో సన్నటి ఖాళీ చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడు లూప్ గడి టిక్ చేయడం మరిచిపోతే రెండు నిమిషాల తర్వాత ఊరు మూగబోతుంది. ఇది చాలామందికి ఆట విడుదలయ్యాకే తెలుస్తుంది.

రెండో పొర అప్పుడప్పుడు వినిపించేవి: కాకి, దూరంగా హారన్, ఎవరో ఎవర్నో కేకేయడం. 8 నుంచి 25 సెకన్ల మధ్య ఏదో ఒక వేళ, ఆటగాడికి 15 నుంచి 40 మీటర్ల దూరంలో ఏదో ఒక దిక్కున మోగించండి. ఒక్కో శబ్దానికి నాలుగైదు రకాలు పెట్టి ఆడియో స్ట్రీమ్ రాండమైజర్‌లో వేయండి. వెంటవెంటనే అదే రాకుండా చూసే పద్ధతి ఎంచుకుని, రాండమ్ పిచ్ (స్వరం ఎంత హెచ్చుతగ్గులు కావొచ్చో చెప్పే విలువ) 1.06 ఇవ్వండి. అంతకు మించితే కాకి కార్టూన్ కాకి అవుతుంది.

మూడో పొర చోటుకు అంటుకున్నవి: పొయ్యి బుస్సుమనడం, గాజు గ్లాసుల గలగల, కిరాణాలో ఫ్రిజ్ మూలుగు. వీటికి 3డీ ప్లేయరు, మోనో ఫైలు. యూనిట్ సైజ్ (శబ్దం ఎంత దూరం గట్టిగా వినిపించాలో చెప్పే విలువ) మొదట 10 ఉంటుంది, గ్లాసు చప్పుడుకు అది మరీ ఎక్కువ, 2 చేయండి. మ్యాక్స్ డిస్టెన్స్ సున్నా అని ఉంటే దూరానికి హద్దు లేనట్టు. 15 ఇవ్వండి, లేకపోతే ఊరవతల కూడా గ్లాసులు మోగుతూనే ఉంటాయి.

ఆటగాడు ఇంట్లోకి వెళ్ళినప్పుడు వీధి చప్పుళ్ళన్నీ కలిసి వెళ్ళే ఆడియో బస్ మీద లో-పాస్ ఫిల్టర్‌ను (కీచు శబ్దాలను కోసేసేదాన్ని) 900 హెర్ట్జ్ దగ్గరికి దించండి, 0.4 సెకన్లలో మెల్లగా. గోడకు మందం ఉందని చెవికి తెలిసేది అప్పుడే.

ఏ వేళకు ఏ చప్పుడు అన్నది కాగితం మీద రాసుకోండి. తెల్లవారుజామున కోడి, గుడి మైకు, పాల క్యాన్లు. ఆరు దాటాక వాకిళ్ళు ఊడ్చే చీపురు, బిందెలు. మధ్యాహ్నం రెండింటికి దాదాపు ఏమీ ఉండకూడదు, ఫ్యాను రెక్కల చప్పుడు తప్ప. ఈ నిశ్శబ్దం ధైర్యంగా ఉంచండి, అదుంటేనే సాయంత్రం పిల్లల గోల గోలలా వినిపిస్తుంది. రాత్రికి కీచురాళ్ళు, ఎక్కడో కుక్కలు. కోకిల ఎండాకాలంలోనే కూయాలి, కార్తీకంలో కూస్తే ఊళ్ళో పెరిగినవాళ్ళు నవ్వుతారు. కప్పలు వాన పడ్డాకే. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ‘పల్లె ఉదయం’ రికార్డింగులు చాలావరకు ఐరోపా పిట్టలవి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఉంచి, తెల్లవారుజామున డాబా మీద మూడు నిమిషాలు రికార్డు చేసుకోండి. వాటికంటే అదే మేలు.

అడుగుల చప్పుడుకు నాలుగు నేలలు: మట్టి, సిమెంటు, బండలు, నీరు. ఒక్కోదానికి అయిదు శబ్దాలు. వీటిని టైమర్‌తో కాకుండా నడక యానిమేషన్‌లో పాదం నేలను తాకే ఫ్రేమ్ నుంచి పిలవండి.

మనుషులు: ఎనిమిది మంది చాలు

నలుగురికి పూర్తి దినచర్య, మిగతా నలుగురు దారిన పోయేవాళ్ళు. దినచర్య అంటే వేళ, చోటు, పని అనే మూడు గడుల వరుసలు. టీ కొట్టు మనిషిది ఇలా ఉండొచ్చు:

4:40 ఇంటి నుంచి బయల్దేరడం
5:00 షట్టరు ఎత్తి, పొయ్యి వెలిగించడం
5:20 టీ పోయడం, మధ్యమధ్య గ్లాసులు కడగడం
13:30 బల్ల మీద కునుకు
15:30 మళ్ళీ పాలు పొయ్యి మీద
21:00 షట్టరు దించి ఇంటికి

రోజూ ప్రతి వేళకూ ఏడు నిమిషాలు అటో ఇటో చేర్చండి. మనిషన్నవాడు సరిగ్గా అయిదింటికే షట్టరు ఎత్తడు.

చోట్లకు మార్కర్లు పెట్టండి, కూర్చునే దిక్కు కూడా మార్కర్‌లోనే ఉండాలి. ప్రతి మార్కర్‌కూ ‘ఖాళీగా ఉందా’ అన్న గుర్తు తప్పనిసరి. అది లేకపోతే ఇద్దరు మనుషులు బల్ల మీద ఒకే చోట, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటారు.

నడవడం దగ్గర మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది, నావిగేషన్ మెష్‌లో (మనుషులు నడవగలిగే చోట్ల పటంలో) ఏజెంట్ రేడియస్, అంటే గోడకు మనిషి వదలాల్సిన ఎడం, మొదట 0.5 ఉంటుంది. రెండు వైపులా అర మీటరు చొప్పున తినేస్తే 90 సెంటీమీటర్ల గుమ్మం మూసుకుపోయినట్టే. ఇంట్లోకి ఎవరూ వెళ్ళరు, ఎందుకో మీకు అర్థం కాదు. 0.25 చేసి మళ్ళీ బేక్ చేయండి (ఆ పటాన్ని మళ్ళీ లెక్కగట్టించండి). రెండోది, సీన్ మొదలైన మొదటి ఫ్రేమ్‌లో దారి అడిగితే ఖాళీ జవాబు వస్తుంది, ఎందుకంటే నావిగేషన్ మ్యాప్ అప్పటికి సిద్ధం కాదు. ఒక ఫిజిక్స్ ఫ్రేమ్ ఆగి అడగండి. మూడోది, నడక యానిమేషన్ వేగానికీ అసలు వేగానికీ పొత్తు కుదరక పాదాలు మంచు మీద జారినట్టు జారతాయి. అసలు వేగాన్ని బట్టి యానిమేషన్ వేగాన్ని లెక్కగట్టి ఇవ్వాలి.

నిలబడే యానిమేషన్‌ను ఒక్కొక్కరికి ఒక్కో చోట నుంచి మొదలుపెట్టండి. అందరూ ఒకేసారి ఊపిరి పీల్చి వదులుతుంటే అది సెంటరులా ఉండదు, కవాతులా ఉంటుంది.

ఆటగాడు నాలుగు మీటర్ల లోపుకు వస్తే మనిషి తల తిప్పి ఒకటి రెండు సెకన్లు చూడాలి. మెడ 60 డిగ్రీలకు మించి తిరగకూడదు. తర్వాత తన పనిలోకి తాను వెళ్ళిపోవాలి, మళ్ళీ ఇరవై సెకన్ల దాకా చూడకూడదు. చూపు వదలకుండా తిప్పుతూనే ఉంటే దెయ్యాల ఆట అవుతుంది.

ఇక మాటలు. ఒక్కొక్కరికి కనీసం ఆరు చిన్న మాటలు రాయండి, రెండింటి మధ్య 45 సెకన్ల ఎడం. కొన్ని వేళను బట్టి, కొన్ని వానను బట్టి రావాలి. ఏ ప్రాంతపు ఊరో ముందే తేల్చుకోండి. గోదావరి జిల్లా ఊరైతే ‘ఆయ్, ఇప్పుడే ఎల్లిందండి బస్సు’ అంటారు. తెలంగాణ ఊరైతే ‘బస్సు ఇప్పుడే పోయిందే అన్నా’. కారణమేమీ లేకుండా రెండు యాసలూ ఒకే అరుగు మీద వినిపిస్తే ఆ ఊరు ఎక్కడా లేని ఊరు. పిలుపులు వయసును బట్టి మారాలి: ముసలాయన ఆటగాణ్ణి ‘ఏరా అబ్బాయ్’ అంటే, కిరాణా అమ్మాయి ‘అన్నా’ అనాలి. అందరూ ‘మీరు’ అంటుంటే బ్యాంకు కౌంటర్ల వరుసలా ఉంటుంది.

ఒకటి జరిగితే నాలుగు కదలాలి

అసలు ప్రాణం ఇక్కడుంది. ఇంకో ఆటోలోడ్ స్క్రిప్టులో ‘సంఘటన’ అనే సిగ్నల్ పెట్టండి. అది మూడు విషయాలు మోస్తుంది: పేరు, చోటు, ఎంత దూరం చేరాలి. దాన్ని ఎవరైనా పంపొచ్చు, ఎవరైనా వినొచ్చు.

కరెంటు పోవడంతో మొదలుపెట్టండి, మన ఊరికి దానికి మించిన పరీక్ష లేదు. ట్యూబ్‌లైట్లు అదే క్షణంలో ఆరాలి. ఫ్రిజ్ మూలుగు ఆగాలి, ఆగాకే అది ఇంతసేపూ మోగుతోందని ఆటగాడికి తెలుస్తుంది. ఫ్యాను ఒక్కసారిగా ఆగకూడదు, అయిదారు సెకన్లు తిరిగి తిరిగి నెమ్మదించాలి. ఒక సెకను తర్వాత ఎవరో ‘పోయింది’ అనాలి. ఎనిమిది సెకన్లకు కిరాణాలో కొవ్వొత్తి వెలగాలి. ఇన్వర్టరు ఉన్న ఇల్లు ఒక్కటి మాత్రం వెలుగుతూనే ఉండాలి. కరెంటు వచ్చినప్పుడు పాత ట్యూబ్‌లైట్ రెండు మూడుసార్లు కొట్టుకుని వెలగాలి, పిల్లలు ‘హో’ అని అరవాలి.

స్పందనలన్నీ ఒకే ఫ్రేమ్‌లో వస్తే తోలుబొమ్మలాట. ఒక్కో మనిషికీ 0.2 నుంచి 1.5 సెకన్ల ఆలస్యం ఏదో ఒకటి ఇవ్వండి, పదిమందిలో ఒకరిద్దరు అసలు పట్టించుకోకపోయినా మంచిదే. ప్రతి సంఘటనకూ కనీసం ముగ్గురు వినేవాళ్ళుండాలని నియమం పెట్టుకోండి. ముగ్గురు దొరకని సంఘటనను తీసేయండి, దానివల్ల ఉపయోగం ఉండదు.

వాన కూడా ఇలాగే, కానీ దాన్ని ముందునుంచి మొదలుపెట్టాలి. చినుకు పడటానికి అసలు సమయంలో ఒక నిమిషం ముందే గాలి రేగాలి, వెలుగు తగ్గాలి, ఎవరో దండెం మీద బట్టలు తీసుకోవాలి. చినుకు పడ్డాక మనుషులు చూరు కిందికి చేరాలి. వాన మార్కర్లను చూరు కింద నాలుగైదు ముందే పెట్టి ఉంచుకోవాలి. వెలిశాక కాసేపు చూరు నుంచి బొట్లు పడుతూ, ఆ పైన కప్పలు.

జరిగినదాని ఆనవాలు

తెల్లారి ఆరున్నరకు వాకిట్లో కళ్ళాపి తడి, దాని మీద తాజా ముగ్గు. తొమ్మిదింటికి తడి ఆరిపోతుంది. మధ్యాహ్నానికి ముగ్గు సగం చెరిగిపోతుంది. వాన పడితే మొత్తం పోతుంది. దీనికి ఒక డెకాల్ (నేల మీద అంటించినట్టు కనిపించే బొమ్మ), గడియారాన్ని బట్టి పెరిగే పారదర్శకత చాలు. డెకాల్ పనిచేయని రెండరర్ (తెర మీద బొమ్మ గీసే భాగం) వాడుతుంటే నేలకు ఒక సెంటీమీటరు పైన పలచటి పలక పరచండి. సరిగ్గా నేల మట్టాన పెడితే ముగ్గు మినుకుమినుకుమంటుంది.

అలాగే టీ కొట్టు బల్ల మీద ఎంగిలి గ్లాసులు రద్దీ వేళ పెరిగి, కడిగాక తగ్గాలి. సైకిలు యజమాని ఊళ్ళో లేని వేళ సైకిలూ ఉండకూడదు. ఆటగాడు తన్ని పడగొట్టిన బిందె మరుసటి రోజు పొద్దున్నదాకా పడే ఉండాలి, దాని యజమానురాలు ఆ దారిన వెళ్తే ఎత్తి పెట్టాలి. ఇలాంటి మార్పులన్నీ ఒక డిక్షనరీలో (పేరుకో విలువ చొప్పున దాచే పట్టికలో) రాసి సేవ్‌లో కలపండి.

గాలి

గాలి దిక్కు, జోరు రెండూ ఒకే గ్లోబల్ షేడర్ విలువలుగా (బొమ్మల రూపాన్ని గీసే చిన్న ప్రోగ్రాములన్నీ చదవగలిగే విలువలుగా) ఉండాలి. ఆకులు, దండెం మీద చీర, పొయ్యి పొగ అన్నీ వాటినే చదవాలి. పొగ తూర్పుకూ చీర పడమటికీ ఊగితే చూసేవాడికి తప్పెక్కడో తెలియదు కానీ ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. మొక్క ఉన్న చోటును బట్టి ఊగే వేళ మార్చండి, లేకపోతే గడ్డంతా ఒకేసారి తల వంచుతుంది. పొగ కణాలు 50 చాలు. కెమెరా కొంచెం తిప్పగానే పొగ మాయమవుతుంటే విజిబిలిటీ పెట్టె (పొగ కనిపించాలో లేదో తేల్చే హద్దు) చిన్నదై ఉంటుంది, పెంచండి.

పరీక్ష, కోతలు

తెర మీది గుర్తులన్నీ దాచి, అరుగు పక్కన ఆటగాణ్ణి నిలబెట్టి మూడు నిమిషాలు కీబోర్డు ముట్టకండి. ఏదైనా రెండోసారి అచ్చం అలాగే జరిగిందనిపిస్తే రాసుకోండి. తర్వాత ఆట గురించి తెలియని ఒకరిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఏదో ఒక వేళకు గడియారం తిప్పి, ‘ఇప్పుడు ఎంతయి ఉంటుంది’ అని అడగండి. రెండు గంటల తేడాలో చెప్పగలిగితే చప్పుళ్ళు బాగా కుదిరినట్టు. మళ్ళీ శబ్దం ఆపేసి, బొమ్మ చూపించి అదే అడగండి. తెల్లవారుజామునూ సాయంత్రాన్నీ తారుమారు చేస్తే, లోపం రంగుల్లో కంటే ఆనవాళ్ళలోనే ఉంటుంది: ముగ్గు, గ్లాసులు, షట్టర్లు చూసుకోండి.

ఫోనులో ఫ్రేమ్ రేటు పడిపోతే ఈ వరుసలో కోయండి. మొదట చిన్న దీపాల నీడలు, సూర్యుడి నీడ ఒక్కటే మిగలనివ్వండి. తర్వాత 40 మీటర్ల అవతలి మనుషుల యానిమేషన్‌ను సెకనుకు పదిసార్లకు తగ్గించండి. ఆపైన గడ్డి. దారిన పోయేవాళ్ళను నలుగురి నుంచి ఇద్దరికి దించినా నష్టం లేదు, కానీ వాళ్ళు పుట్టడం, మాయమవడం మలుపు చాటునే జరగాలి. సంఘటన సిగ్నళ్ళకు మాత్రం చేయి పెట్టకండి, వాటి ఖర్చు లెక్కలోకి రాదు.